మిలిటరీ తాత సమాధి ఎక్కడుంది? యుద్ధ సమాధుల వెతుకులాటపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ చాలా పాత ఇళ్ళల్లో ‘మా ముత్తాత మిలిటరీకి వెళ్ళి మళ్ళీ రాలేదు’ అనే మాట వినిపిస్తుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికైతే మిలిటరీ మాధవరం అన్న పేరే స్థిరపడిపోయింది. ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు రెండు రకాలు. తమ ఇంటి మనిషి ఆచూకీ కోసం వెతికేవాళ్ళు కొందరు, ఊళ్ళో సమాధుల తోటలో కనిపించే దొరల రాళ్ళ సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్ళు కొందరు. మొదటి రకం వాళ్ళు ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. మనవాళ్ళలో ఎక్కువమందికి విడిగా సమాధి లేదు. ఏదో ఒక గోడ మీదో రిజిస్టర్లోనో పేరు ఉంటుంది. అందుకని సమాధి కన్నా ముందు పేరు వెతకాలి.

మిలిటరీవాళ్ళ సమాధులన్నీ యుద్ధ సమాధులేనా?

కావు. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయినవాళ్ళ సమాధులను చూసుకోవడానికి 1917 మే 21న ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. 1960లో దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా మారింది. ఇకపై కమిషన్ అంటే ఇదే. దాని లెక్కలో మొదటి యుద్ధం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండోది 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఈ తేదీల మధ్య సర్వీసులో ఉండగా చనిపోతే చాలు. తూటా తగిలే పోవాలనేం లేదు. కలరాతో పోయినా, లారీ బోల్తా పడి పోయినా లెక్కలోకి వస్తారు.

అదే 1880లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో జ్వరంతో పోయిన బ్రిటిష్ సోల్జర్‌ది సైనిక సమాధే గానీ యుద్ధ సమాధి కాదు. దాని బాగోగులు కమిషన్ చూడదు.

మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లోనే మొదలుపెట్టండి. ట్రంకు పెట్టె, దేవుడి గూడు, పెద్దమ్మ వాళ్ళింటి అటక, అన్నీ ఒకసారి చూడండి. మీకు కావాల్సింది సర్వీస్ నంబరు. ఒకే రెజిమెంటులో అప్పలస్వాములు, వెంకటస్వాములు ఎంతోమంది ఉంటారు కాబట్టి ఉత్త పేరుతో తేలడం కష్టం. నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే.

మెడల్ ఉంటే దాని అంచును ఎండలో తిప్పి చూడండి. మొదటి యుద్ధం మెడల్స్ అంచు మీద నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటన్ తన సొంత సైనికులకు పేర్లు లేకుండానే మెడల్స్ ఇచ్చింది కానీ, భారత సైన్యంవాళ్ళ వాటి మీద పేర్లు వేయించారు. బర్మా స్టార్ లాంటి నక్షత్రాలకైతే వెనక వైపు చూడాలి. వాటిని చింతపండు పెట్టి తోమకండి. సన్నగా చెక్కిన అంకెలే ముందు అరిగిపోతాయి.

మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు అరచేతి కన్నా కాస్త పెద్దదైన గుండ్రటి కంచు పలక ఇచ్చేవారు. దాని మీద హోదా లేకుండా పేరు మాత్రమే ఉంటుంది. చాలా ఇళ్ళల్లో అది ఏ కంచరి వీధికో వెళ్ళి కరిగిపోయి ఉంటుంది, కానీ అడిగి చూడడంలో తప్పేం లేదు.

ఇంకో దారి భూమి. మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు ప్రభుత్వం భూములిచ్చేది. మీ పొలాల్లో ఏదైనా ముక్కను ఊళ్ళోవాళ్ళు ‘మిలిటరీ భూమి’ అంటుంటే దాని పట్టా, అడంగల్ నకలు తీయించండి. నానమ్మ పింఛను తీసుకునేవారైతే ఆ కాగితాల్లో రెజిమెంటు పేరు ఉంటుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగొచ్చు. అక్కడ నేరుగా జవాబు దొరకకపోయినా, ఏ రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు రాయాలో చెప్తారు. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్లది, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళానిది, బెంగళూరులో ఉంది.

కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే రావట్లేదు. ఆయన పేరు అసలు లేనట్టేనా?

అప్పుడే ఆ నిర్ణయానికి రావద్దు. మన పేర్లను ఇంగ్లీషులోకి దించింది మన భాష రాని గుమాస్తాలు. అప్పలస్వామిలో ఒక ‘పి’ ఉండొచ్చు, రెండు ఉండొచ్చు. చివర ‘ఐ’ ఉండొచ్చు, ‘వై’ ఉండొచ్చు. రెండు ముక్కలుగా విరిచి రాసి ఉండొచ్చు. ఇంటిపేరు చాలాసార్లు ఉండనే ఉండదు. ఉన్నా అదే అసలు పేరనుకుని ముందు పెట్టేసినవీ ఉంటాయి.

కాబట్టి ముందు ఫిల్టర్లు పెట్టుకోండి. ఏ యుద్ధమో ఎంచుకోండి, సైన్యం దగ్గర ఇండియన్ అని పెట్టండి, పేరులో మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టండి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో అదనపు సమాచారం అనే గడి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ‘ఫలానావారి కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఫలానా ఊరు’ అనే వివరం అందులోనే ఉంటుంది. తాతగారి పేరు వదిలేసి ఆ గడిలో ఊరి పేరు వెయ్యండి. అదీ కుదరకపోతే నానమ్మ పేరు వెయ్యండి. వచ్చిన జాబితాను ఎక్సెల్ ఫైలుగా దించుకుని, ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ పైకి చదవండి. కళ్ళకు దొరకని స్పెల్లింగు చెవికి దొరుకుతుంది.

మా ఊరు శ్రీకాకుళం జిల్లా. ఆ జిల్లా పేరుతో ఒక్కరూ రావట్లేదేం?

అప్పటికి ఆ జిల్లా లేదు కాబట్టి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాలు 1936లో ఒరిస్సా విడిపోయేదాకా గంజాం జిల్లాలో ఉండేవి, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. అంటే ఒకే ఊరివాడు మొదటి యుద్ధంలో గంజాం కింద, రెండో యుద్ధంలో విశాఖ కింద కనిపిస్తాడు. పశ్చిమగోదావరి 1925లో పుట్టింది, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. ఒంగోలు వైపు వాళ్ళయితే గుంటూరులో, కొన్ని తాలూకాలకు నెల్లూరులో వెతకాలి.

స్పెల్లింగులూ పాతవే ఉంటాయి. విశాఖ అంటే విజగపటామ్, కాకినాడ అంటే కొకనాడా, విజయవాడ అంటే బెజవాడ, ఏలూరు అంటే ఎల్లోర్, బందరు అంటే మసూలిపటామ్, శ్రీకాకుళం అంటే చికకోల్, కృష్ణా అంటే కిస్ట్నా. కడపను ‘సి’తో మొదలుపెట్టి చివర ‘హెచ్’ తగిలించేవారు.

పేరు దొరికింది. కానీ సమాధి నంబరుకు బదులు ‘ఫేస్ 23’ అనో ‘కాలమ్’ అనో ఉంది. అంటే ఏమిటి?

అది సమాధి కాదు, స్మారకంలో ఆ పేరు చెక్కిన పలక గుర్తు. ప్లాట్, వరస, సమాధి అంకె లాంటివి ఉంటే విడి సమాధి. ‘కలెక్టివ్ గ్రేవ్’ అని ఉంటే కొందరిని కలిపి పూడ్చారని. ‘స్పెషల్ మెమోరియల్’ అంటే ఈ తోటలోనే ఎక్కడో ఉన్నాడు కానీ చోటు ఖాయంగా తెలియదని.

ఎక్కువమంది తెలుగువాళ్ళు పలకల మీదే ఎందుకుంటారంటే, హిందూ, సిక్కు సైనికులను వీలైనచోట దహనం చేశారు. కొహిమాలో అలా దహనమైన 917 మంది కోసం వేరే స్మారకం ఉంది. దేహం దొరకనివాళ్ళ సంఖ్య ఇంకా పెద్దది. బర్మా పోరులో సమాధి తెలియనివాళ్ళ పేర్లు యాంగన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద సుమారు 27 వేలు ఉన్నాయి. సింగపూర్‌లోని క్రాంజీ గోడల మీద 24 వేలకు పైనే. యుద్ధరంగానికి దూరంగా, ఇక్కడి ఆసుపత్రుల్లోనో క్యాంపుల్లోనో పోయినవాళ్ళ పేర్లు ఎక్కువగా ఢిల్లీ, కరాచీ స్మారకాల కిందకు వస్తాయి. అవి 25 వేలకు పైగా.

మొదటి యుద్ధమైతే ఇండియా గేట్ కూడా చూడాలి. 1931లో ప్రారంభించిన ఆ కట్టడం మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. సెల్ఫీలు దిగేవాళ్ళలో ఎంతమంది తలెత్తి చదువుతారో గానీ, కింద నుంచి చదవడం నిజంగానే కష్టం. ఆన్‌లైన్ రికార్డే దిక్కు.

మా ముత్తాత మొదటి యుద్ధంలో బస్రా వెళ్ళాడట. సైనికుడు కాదు, కూలీగా. అలాంటివాళ్ళ పేర్లు ఉంటాయా?

కొందరివి ఉంటాయి. సైన్యం వెంట వెళ్ళిన కూలీలు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, పాకీవాళ్ళను రికార్డుల్లో ఫాలోవర్లు అని రాశారు. హోదా దగ్గర ఆ మాట పెట్టి వెతకండి.

బస్రా సంగతి మాత్రం చెప్పుకోవాల్సిందే. అక్కడి స్మారకం మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, సమాధి తెలియకుండా పోయిన 40 వేల పైచిలుకు మందిది. కట్టినప్పుడు బ్రిటిష్ సైనికుల పేర్లు, అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారత సిపాయిల దగ్గరికి వచ్చేసరికి ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. 1997లో సద్దాం హుస్సేన్ హయాంలో ఆ కట్టడాన్నే ఊడదీసి, నాసిరియా దారిలో 30 కిలోమీటర్ల అవతల మళ్ళీ నిలబెట్టారు. రాతి మీద లేకపోయినా కమిషన్ రిజిస్టర్లలో ఆ సిపాయిల పేర్లు ఉన్నాయి కాబట్టి ఆన్‌లైన్‌లో వెతికితే తగులుతాయి.

ఇదేదో ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు. 2021 ఏప్రిల్‌లో కమిషన్ తానే వేసుకున్న విచారణ నివేదిక ప్రకారం, మొదటి యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేల మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదు. వాళ్ళలో భారతీయులు, ఆఫ్రికన్లు ఎక్కువ. ఇంకో 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరు లేకుండానో అసలు గుర్తింపే లేకుండానో మిగిలిపోయారు. వాళ్ళు ప్రధానంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మనుషులు. చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కో రాయి, అన్ని రాళ్ళూ ఒకే కొలత, జనరల్‌కైనా సోల్జర్‌కైనా తేడా లేదు అని గొప్పగా చెప్పుకున్న సంస్థే ఇది. కమిషన్ క్షమాపణ చెప్పింది, కొత్త పేర్లు చేరుస్తోంది. మీ దగ్గర కాగితాలుంటే ఇప్పుడైనా పంపొచ్చు. సర్వీసుకు రుజువు, మరణానికి రుజువు, సర్వీసు నుంచి వచ్చేశాక పోయినవాళ్ళయితే ఆ మరణానికి సర్వీసే కారణమనే రుజువు అడుగుతారు.

హైదరాబాద్ సంస్థానం సైన్యంలో పనిచేసినవాళ్ళను ఎలా వెతకాలి?

ఇక్కడ ఒక చిక్కుంది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అనే పేరు చూసి మనవాళ్ళేనని సంబరపడొద్దు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది, అందులో ఉన్నది ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. నిజాం సొంత దళాలు వేరు. మొదటి యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా వైపు వెళ్ళారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ళకు గుర్తే. రెండో యుద్ధంలో ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోట బారు విమానాశ్రయం దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొంది. కమిషన్ సైట్‌లో ఇలాంటివాళ్ళ కోసం ఇండియన్ స్టేట్స్ ఫోర్సెస్ అనే మాటతో వెతకాలి. సంస్థానం కాగితాలు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు ఉర్దూ, ఫార్సీలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్ళండి.

మలయా రబ్బరు తోటల్లో పనిచేసిన మా బంధువును జపాన్‌వాళ్ళు రైలు పట్టాల పనికి పట్టుకుపోయారు. ఆయనకు సమాధి ఉందా?

సయాం–బర్మా రైలు మార్గం పనిలో పోయిన యుద్ధ ఖైదీలకు థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో చక్కటి సమాధుల తోట ఉంది, దాదాపు 7 వేల సమాధులు. అదే పట్టాల కింద అంతకు ఎన్నో రెట్లు చనిపోయిన తమిళ, తెలుగు, మలయ్, బర్మా కూలీలు సైనికులు కారు కాబట్టి ఆ జాబితాల్లోకి రాలేదు. విడి సమాధి దొరుకుతుందని ఆశ పెట్టడం నాకిష్టం లేదు. ఆయన పనిచేసిన రబ్బరు తోట పేరు తెలిస్తే ఆ ఎస్టేట్ దగ్గర మిగిలిన తెలుగు కుటుంబాలను, మలేషియాలోని తెలుగు సంఘాలను అడగడమే మేలు. ఇలాంటి విషయాల్లో కాగితం కన్నా మనుషుల జ్ఞాపకమే ఎక్కువ మిగిలింది.

కమిషన్ రాయి మీద ఏమేం ఉంటాయి?

మామూలు రాయి 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు. రెజిమెంటు గుర్తు, నంబరు, హోదా, పేరు, యూనిట్, తేదీ, తెలిస్తే వయసు, కింద మత చిహ్నం. హిందువుల రాయి మీద నాగరి లిపిలో ‘ఓం భగవతే నమః’ అని చెక్కుతారు. ముస్లింలకు అరబిక్, సిక్కులకు గురుముఖి, క్రైస్తవులకు శిలువ. మద్రాసు దళాల్లో క్రైస్తవులు బాగానే ఉండేవారు కాబట్టి శిలువ చూసి ఇంగ్లీషువాడనుకోకండి, పేరు చదవండి. అడుగున కుటుంబం కోరిన ఒక వాక్యం ఉండొచ్చు, గరిష్ఠంగా 66 అక్షరాలు. మొదటి యుద్ధం తర్వాత దానికి అక్షరానికి మూడున్నర పెన్నీల చొప్పున అడిగారు.

మా ఊరి సమాధుల తోటలో పాత దొరల రాళ్ళున్నాయి. కమిషన్ జాబితాలో లేవు. ఎవరివో ఎలా తెలుస్తుంది?

తేదీ చూడండి. 1858కి ముందుదైతే ఈస్టిండియా కంపెనీ మనిషి కావొచ్చు. రాయి మీద హెచ్.ఈ.ఐ.సి.ఎస్. అని ఉంటే కంపెనీ కొలువు అని అర్థం. ఎం.ఎన్.ఐ. అంటే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ, ఆర్.ఏ. అంటే రాయల్ ఆర్టిలరీ. చావుకు కారణం రాసి ఉంటే అది యుద్ధం కావడం అరుదు. కలరా, ఎంటరిక్ జ్వరం అని పిలిచిన టైఫాయిడ్, వడదెబ్బ, లివర్ జబ్బు. మలేరియా గుట్టును 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనే విప్పాడు. ఆయనా సైనిక వైద్యుడే.

మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి శాసనాలను జె.జె. కాటన్ అనే సివిల్ సర్వీసు అధికారి 1905లో జాబితాగా అచ్చు వేశాడు. బందరు, విశాఖ లాంటి మన ఊళ్ళూ అందులో ఉన్నాయి. ఇప్పుడు అరిగిపోయిన రాయి మీద అప్పుడు ఏముండేదో అందులో దొరకొచ్చు. ఖననాల రిజిస్టర్లయితే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల ఎన్/2 వరసలో మద్రాసువి ఉన్నాయి. దక్షిణాసియా సమాధుల కోసమే 1976లో పుట్టిన బాక్సా అనే బ్రిటిష్ సంఘం కూడా వివరాలు సేకరిస్తుంది. మీ ఫోటోలు పంపితే వాళ్ళకూ ఉపయోగమే.

అప్పట్లో ఇక్కడే పోయిన ప్రపంచ యుద్ధాల సైనికులు ఏమయ్యారు మరి?

చిన్నచిన్న కంటోన్మెంట్ తోటల్లో శాశ్వతంగా చూసుకోవడం కుదరదని, దక్షిణ, తూర్పు భారతంలోని రెండో యుద్ధం సమాధులను 1952లో చెన్నై నందంబాక్కంలో ఏర్పాటైన మద్రాస్ వార్ సెమెటరీకి చేర్చారు. అక్కడ 850కి పైగా ఉన్నాయి. మొదటి యుద్ధంవాళ్ళను కదపలేదు. వెయ్యిమందికి పైగా పేర్లను అదే ఆవరణలోని స్మారకం మీద చెక్కారు. అంటే మీ ఊరి తోటలో 1916 నాటి రాయి కనిపిస్తే, ఆ మనిషి పేరు చెన్నైలో, మనిషి మీ ఊళ్ళో ఉండొచ్చు. అలాంటి రాయి ఫోటోకి విలువ ఎక్కువ.

అక్షరాలు కనబడట్లేదు. ముగ్గుపిండి రుద్దితే తేలతాయంటున్నారు, నిజమేనా?

తేలతాయి, దాంతోపాటు రాయీ అరుగుతుంది. ముగ్గుపిండి రాతిపొడే. సుద్దముక్క, ఇనుప బ్రష్, యాసిడ్, బ్లీచింగ్ కూడా వద్దు. మన తోటల్లో పెద్ద బెడద సున్నం. నవంబరు 2న సమాధుల పండుగకి ఏటా సున్నం కొట్టగా కొట్టగా, పొర మీద పొర పేరుకుని అక్షరాల గుంటలు పూడిపోతాయి. పైనున్న పెద్ద అక్షరాల వరస ఒక్కటే కనిపిస్తుంది, కావాల్సిన పేరు, తేదీ మాత్రం నున్నగా గోడలా ఉంటాయి. చాకుతో గీకితే సున్నంతోపాటు రాతి పెచ్చు కూడా లేచి వస్తుంది.

వెలుతురుతో పని జరిపించుకోండి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి పడేటప్పుడు వెళ్ళండి. నీడలో ఉంటే ఒకరు అద్దం పట్టుకుని ఎండను రాయి మీదికి ఏటవాలుగా మళ్ళించండి. చీకటి పడ్డాక ఫోన్ టార్చిని రాయికి ఆనించి పక్కనుంచి వేసినా అక్షరాలు లేస్తాయి. మరీ మట్టి పట్టి ఉంటే మెత్తటి బ్రష్, మంచినీళ్ళు. అంతే.

అనుమతి కావాలా?

కావాలి. చర్చి తోటయితే పాస్టర్‌నో ఫాదర్‌నో, కమిటీవాళ్ళనో అడగండి. కంటోన్మెంట్ లోపలయితే ఆర్మీ అనుమతి లేనిదే ఫోన్ బయటికి తీయకండి. ఊరి తోటల్లో కాటికాపరికి తెలిసినంత రికార్డులకు తెలియదు, కాసేపు ఆయనతో కూర్చోండి. ఈమధ్య పోయినవాళ్ళ సమాధులు ఫోటోలో పడకుండా చూసుకోండి.

పొలం గట్టున కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ రాయి ఉంది. అదీ సైనిక సమాధేనా?

అది వీరగల్లు. పశువుల మందను కాపాడుతూనో, ఊరి కోసమో, రాజు కోసమో పోరాడి పోయినవాడికి నిలబెట్టిన రాయి. అన్నిచోట్లా దాని కింద దేహం ఉండదు. కింది అరలో పోరు, పై అరల్లో వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, శివలింగం ఉంటే మరీ మంచిది, చదవడం తేలిక. రాయలసీమలో, తెలంగాణలో ఇవి కొల్లలు. కారంపూడిలో పల్నాటి వీరులకు నేటికీ కార్తీకంలో ఉత్సవాలు జరుగుతాయి. రాయిని కదపకుండా పంచాయతీకి, పురావస్తు శాఖకు చెప్పండి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేవి ఇవే.

1947 తర్వాత అమరులైన జవాన్ల వివరాలు?

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన నేషనల్ వార్ మెమోరియల్ చూడండి. త్యాగ చక్రంలో ఒక్కొక్కరికీ ఒక్కో గ్రానైట్ పలక ఉంది, పేరుతో వెతికే సదుపాయమూ ఉంది.

చూడ్డానికి వెళ్తే తర్పణం, పూజ లాంటివి చేయొచ్చా?

పూలు పెట్టొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు. రాయి మీద పసుపు కుంకుమ, నూనె, కర్పూరం వద్దు. ఆ మరక లోపలికి ఇంకి మళ్ళీ పోదు. తర్పణం దగ్గర్లోని నీటి ఒడ్డున విడిచి, తోటకు పూలతో వెళ్ళేవాళ్ళున్నారు. విదేశం వెళ్తుంటే పలక నంబరు ముందే రాసుకోండి. క్రాంజీలో గోడలు అంతెత్తున ఉంటాయి, నంబరు లేకుండా వేల పేర్లలో వెతకడం పిల్లాపాపలతో అయ్యే పని కాదు.

డబ్బు తీసుకుని వెతికిపెడతామంటున్నారు. ఇవ్వాలా?

కమిషన్ సైట్‌లో వెతకడం, రికార్డు దించుకోవడం ఉచితం. దానికి రూపాయి ఇవ్వక్కర్లేదు. లండన్‌లోనో చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనో కూర్చుని పాత ఫైళ్ళు తిరగేసే మనిషికి కూలి ఇవ్వడం న్యాయమే. ఏ ఫైలు, ఏ పేజీ అనే వివరంతో నకలు ఇస్తేనే ఇవ్వండి.